తాడు తెగినవాడికి కొవ్వొత్తి

“టీచరత్త పోయిందే” అని అమ్మ ఫోన్ చేసింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని అలాగే పోయిందట. ఇలాంటి కబురు వింటే ఎవరైనా ఏడుస్తారు, లేదంటే ఎప్పుడు తీసుకెళ్తున్నారని అడుగుతారు. నేను మాత్రం “వరండాలో లైటు ఆర్పారా?” అని అడిగాను. అమ్మ “దాన్ని ఎవురూ ముట్టుకోలా” అంది.

ఆమె నాకు సొంత మేనత్త కాదు. రెంటచింతలలో మా పక్కింటావిడ. చిన్న తరగతులకు పాఠాలు చెప్పేది, పెళ్లి చేసుకోలేదు. వీధిలో పిల్లలందరికీ టీచరత్తే. ఎనభైల్లో మా వీధికి మొదటి టీవీ వచ్చింది ఆమె ఇంటికే. డాబా మీద ఇనప పైపుకు కట్టిన యాంటెన్నా ఏమాత్రం గాలి వీచినా పక్కకు తిరిగిపోయేది. మాలో ఎవరో ఒకరం పైకెక్కి పైపు తిప్పుతూ “వచ్చిందా?” అని అరవాలి. ఆమె కిటికీలోంచి “వచ్చింది... వచ్చింది... పోయింది! ఇంకాస్త మాచర్ల వైపు తిప్పవే!” అనేది. ఆ రోజుల్లో టీవీ చూసినవాళ్లకు ఈ అరుపులు ఇంకా చెవుల్లోనే ఉంటాయి.

మేం గుడి అనే చర్చిలో ఆదివారం పూజ అయ్యాక, తలమీది కొంగు తీయకుండానే వచ్చి టీవీ పెట్టేది. ఆకాశంలో దారి తప్పిన ఓడ ఒకటి వారానికో గ్రహం మీద దిగే ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. వాళ్ల ఇంగ్లీషు మాకు ముక్క అర్థమయ్యేది కాదు. అత్తకూ అంతంతమాత్రమే. అయినా బొమ్మను బట్టి మాకు కథ చెప్పేది. ఓడ పెద్దను ‘ప్రెసిడెంటు’ అనేది. బొమ్మ పోయి తెరమీద ముగ్గు రాలుతున్నా కథ మాత్రం ఆగేది కాదు. ఓసారి చెట్టూ చేమా లేని రాళ్ల గ్రహం చూపించారు.

“ఇక్కడ మడుసులెట్టా ఉంటారత్తా?” అన్నాను.

“మనం ఉండట్లా ఎండాకాలం?” అంది.

ఆ గ్రహాల్లో రాళ్లన్నీ రంగేసిన అట్టలని పెద్దయ్యాక ఎక్కడో చదివాను. ఒకే నడవాకు దీపాలు మార్చి నాలుగు ఓడలని చూపించేవారట. ఊరెళ్లినప్పుడు గొప్పగా ఆమెకు చెప్పాను. “అట్టలైతే ఏందే, భయం మనకు నిజంగానే వేసింది గదా” అని తేల్చేసింది.

ఒక ఎండాకాలం ఆదివారం, ఓడ బయట వేలాడుతూ మరమ్మతు చేస్తున్న మనిషి నడుము తాడు తెగింది. వాడు చేతులాడిస్తూ చీకట్లోకి జారిపోతున్నాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఉక్కపోతలో విసనకర్రలు ఊపుకుంటూ ఆ నల్లటి తెరనే చూస్తూ కూర్చున్నాం. కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు. మరుసటి వారం అంతా వేరే కథ. ఓడలో ఆ మనిషి లేడు. వాడి ఊసు ఎవరూ ఎత్తలేదు కూడా. మాకు చెడ్డ కోపం వచ్చింది.

“చచ్చిపోయాడులే అత్తా” అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. “చచ్చిపోయాడని ఎవురు చెప్పారే నీకు? నువ్వు చూశావా?”

“మరి ఏడీ?”

“యాడో ఉంటాడు.”

ఆ ఏడు నవంబరులో సమాధుల పండగ వచ్చింది. ఆ సాయంత్రం మావాళ్లందరూ సమాధుల తోటకు వెళ్లి తమవాళ్లకు కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరూ రాని సమాధుల మీద, మిగిలిన కొవ్వొత్తులు పెట్టడం పిల్లల పని. ఎవరూ లేనివాళ్లు చీకట్లో ఉండకూడదని మాకు నేర్పింది టీచరత్తే. ఆ లెక్కన మాకు తాడు తెగినవాడు గుర్తొచ్చాడు. వాడికి సమాధి కూడా లేదు కదా. ఆమె వాకిట్లోనే ఇసక కుప్ప పోసి, చీపురుపుల్లల సిలువ గుచ్చి, ఓ కొవ్వొత్తి వెలిగించాం. చానా మంచి పని చేశామని చేతులు కట్టుకుని నిలబడ్డాం.

ఆమె తోట నుంచి వచ్చి చూసింది. తిట్టలేదు. వంగి, రెండు వేళ్లతో వత్తిని పట్టుకుని ఆర్పేసింది. “చూడకుండా ఎవుర్నీ పూడ్చబాకండి” అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చర్మం కాలిన వాసన కాసేపు వాకిట్లోనే ఉంది.

తర్వాత అమ్మ చెప్పింది. మేం పుట్టకముందు ఆమె తమ్ముడు పనికని మాచర్ల బస్సెక్కాడు. తిరిగి రాలేదు. కాలవలో పడ్డాడని కొందరు, కృష్ణ దాటి వెళ్లి అక్కడే ఇల్లు కట్టుకున్నాడని కొందరు అన్నారు. శవమైతే దొరకలేదు. కన్నతల్లి పోయేముందు, తోటలో వాడికో సిలువ నాటమని బతిమాలిందట. టీచరత్త వినలేదు. వాడు వెళ్లిన నాటి నుంచి పొద్దు వాలగానే వరండాలో దీపం పెట్టేది. కరెంటు వచ్చాక బల్బు. అప్పటిదాకా ఆ బల్బు మేం ఆడుకోడానికి వేస్తుందనుకునేవాళ్లం. ఆ తర్వాత దాని కింద ఆడుకుంటున్నప్పుడు వీధి చివర అలికిడైతే అందరం ఒక్కసారే తలతిప్పేవాళ్లం.

పోయిన ఎండాకాలం ఆ సీరియల్ నా ఫోనులో దొరికింది. ఆ కథే. నేనూ చూడకుండా, నేనుండే నరసరావుపేట నుంచి అట్టాగే ఊరికి పట్టుకెళ్లాను. “చూద్దామా అత్తా?” అంటే కళ్లజోడు తుడుచుకుని పక్కన కూర్చుంది. రంగుల్లో ఉందని ఆశ్చర్యపోయింది. “ప్రెసిడెంటు చొక్కా పసుపా!” అంది. మనిషి బయటికొచ్చాడు. తాడు తెగింది. చేతులాడిస్తూ జారిపోతున్నాడు. అప్పుడు ఆమె అరచెయ్యి వచ్చి ఫోను మీద పడింది. ఆ చేతి కింద నుంచి ఇంగ్లీషు మాటలు ఇంకా వినపడుతున్నాయి.

“ఇక్కడే గదే కరెంటు పోయింది. ఆపు.”

ఆపాను. “తెలుసుకుంటే ఏం పోద్దత్తా?”

“తెలిస్తే లైటు ఆర్పాలి గదే” అంది.

మిగతాది నేను ఇప్పటికీ చూడలేదు. చూసే ధైర్యం నాకు లేదు.

మొన్న సమాధుల పండగకు వెళ్లాను. ఆమె సమాధి రాయి మీద తమ్ముడి పేరు కూడా చెక్కిద్దామని చుట్టాలు అంటే, “ఆమె ఒప్పుకోదు” అని అమ్మ అడ్డం తిరిగింది. ఒక్క కొవ్వొత్తే పెట్టాను. నేను నా పిల్లలను చూసుకునేంత ఓపికగా నన్ను చూసుకున్న మనిషి. అక్కడ కూర్చుని తనివితీరా ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి వీధంతా కరెంటు లేదు. ఆమె ఇంటి ముందు ఆగాను. డాబా మీద తుప్పుపట్టిన పైపు గాలికి కిర్రుమని తిరుగుతోంది. పైన ఎవరూ లేరని తెలుసు. అయినా “వచ్చిందా?” అన్న కేక కోసం చెవులు రిక్కించుకునే ఉన్నాను. ఇంతలో కరెంటు వచ్చింది. తాళం వేసిన ఆ ఇంట్లో వరండా బల్బు వెలిగింది. కింద ఆమె కుర్చీ, వీధి వైపుకే తిరిగి ఉంది.

స్విచ్చి తలుపు లోపలే ఉంది. అమ్మ ఇచ్చిన తాళంచెవి నా పిడికిట్లో ఉంది. గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చేశాను.