మొప్పలెత్తి కొన్న బండి

లోవలక్ష్మికి నలభై నాలుగో ఏట మోటారు సైకిలు పిచ్చి పట్టింది. అన్నం కలుపుతూ ఎడమ కాలితో గేర్లు మార్చేది. నిద్రలో కుడి మణికట్టు తిప్పేది. తమ్ముడు వెంకన్న బండి మీద, యానాం శివార్లలో ఏటిగట్టున రెండు నెలలు నేర్చుకుంది. ఆ రెండు నెలల్లోనూ ఒక గడ్డిమేటును, వలలు ఆరేసిన ఒక దండేన్ని, వెంకన్న మామగారిని గుద్దింది. మామగారికి దెబ్బ తగల్లేదు గానీ, ఆ తరవాత ఆయన సాయంత్రం షికారుకి వేరే దారి చూసుకున్నాడు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయమంటే రెండు వేసి, మూడోది కూడా వేయమంటారా అని అడిగింది. వద్దమ్మా, చాలన్నారు.

ఊరికే పట్టిన పిచ్చి కాదది. లోవలక్ష్మి చేపలమ్ముతుంది. పొద్దున్నే యానాం రేవులో వేలంపాటలో కొని, గంపకెత్తుకుని, ఆటోలో ద్రాక్షారామం పోయి, వీధి వీధీ తిరిగి, మధ్యాహ్నానికి ఖాళీ గంపతో ఇంటికొస్తుంది. పాతికేళ్ల నుంచీ ఇదే. మొన్న వేసవిలో ఒకరోజు ఆటోలో కూర్చున్న తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆవిడ ఉంటే నేను దిగిపోతానన్నాడు. ఆటోవాడు ఇంజరం మలుపులో ఆపి, "ఏవనుకోకక్కా, నువ్వు దిగు," అన్నాడు. దిగింది. గంప నెత్తిన పెట్టుకుని ద్రాక్షారామం దాకా నడిచింది. కరిగిన ఐసునీళ్లు దారి పొడుగునా మెడ మీద కారుతూనే ఉన్నాయి. చేపలకి వాసనుంటుందని ఆమెకు తెలియదా? పాతికేళ్లుగా ఆ వాసనే ఇంట్లో పొయ్యి వెలిగిస్తోంది. ఆమెకు కడుపు మండింది వాసన మాటకి కాదు, దిగు అన్న మాటకి.

ఇక ద్రాక్షారామంలో చేపలమ్మితే సొంత బండి మీద వెళ్లే అమ్ముతాను, ఆటో ఎక్కను అని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. అప్పటినుంచీ రోజూ వెంకన్నే తీసుకెళ్తున్నాడు. కానీ గోదావరికి వరద ఎర్రనీరు తగిలిందంటే వెంకన్న పులసల వేటకి పడవ మీదికి పోతాడు. పులసల కాలంలో అక్కగారిని బండి మీద తిప్పే తీరిక ఏ తమ్ముడికీ ఉండదు. పోలవరం దగ్గర నీళ్ల రంగు తిరిగిందని అప్పుడే ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఈ నాలుగు రోజుల్లో బండి దొరకాలి. లేదంటే ఒట్టు మింగేసి మళ్లీ ఆ ఆటోలోనే ఎక్కాలి.

కొత్త బండికి తాహతు లేదు. పాత బండ్ల కొట్టు ఒకటి చూసొచ్చింది గానీ, గంపతో వెళ్లడం వల్ల అక్కడి కుర్రాడు ఆమెను ఎగాదిగా చూసి, మూలపడేసిన తుక్కు బండి చూపించి, నీకిది చాలమ్మా అన్నాడు. అందుకని ఈసారి లోవలక్ష్మి పెద్ద ఏర్పాటే చేసింది. కుంకుడుకాయలతో మూడుసార్లు తలంటుకుంది. మేనకోడలి పెళ్లికి పెట్టిన పట్టుచీర కుచ్చిళ్లు జారుగా కట్టుకుంది. మూర పొడుగు మల్లెపూలు పెట్టుకుంది. వెంకన్నకి ఒకటే పని అప్పగించింది.

"నా నోట్లోంచి చేప మాట వచ్చిందంటే నువ్వు దగ్గాలి. నేను సర్దుకుంటాను."

"నీకు చేప మాట తప్ప ఇంకో మాట వచ్చా ఏంటక్కా?"

"అందుకే గట్టిగా దగ్గు."

రామచంద్రపురంలో గణేష్‌బాబు పాత బండ్ల కొట్టు ముందు పాతిక బండ్లు వరసగా నిలబడి మెరుస్తున్నాయి. గణేష్‌బాబు మర్యాదస్తుడు. కుర్చీ వేసి, కూల్‌డ్రింకు తెప్పించి, "మేడం గారికా అండి, సారుకా అండి?" అని అడిగాడు. మేడం గారు అన్న మాటకి లోవలక్ష్మికి ఒళ్లు తేలిపోయింది. అప్పుడే ఆమె కళ్లు వరసలో మొదటి బండి మీద పడ్డాయి.

ఎర్ర బండి. కుంకుమ ఎరుపు. ట్యాంకు మీద తన మొహం, మల్లెపూలతో సహా కనబడింది. లోవలక్ష్మి మనసు దాని మీదే పడిపోయింది. ఆ బండెక్కి తాను ద్రాక్షారామం వీధిలోకి దిగినట్టూ, అరుగుల మీద ఆడవాళ్లందరూ లేచి నిలబడినట్టూ, గంపలో చేపలు కూడా తలెత్తి చూస్తున్నట్టూ అనిపించింది. ఈ బండి నాదే అనుకుంది. ధర ఎంతైనా సరే అని కూడా అనుకుంది, అదెంత ప్రమాదమో ఆమెకి తెలియక కాదు.

"ఒక్కటే ఓనరండి. రిటైరైన మేష్టారు. ఆదివారం భీమేశ్వరస్వామి గుడికి తప్ప తియ్యలేదండి," అన్నాడు గణేష్‌బాబు. "మీటరు చూడండి, పన్నెండు వేలు కూడా తిరగలేదు."

లోవలక్ష్మి వొంగి బండిని వాసన చూసింది. పాలిష్ వాసన గుప్పుమంది. అక్కడ ఆమె మనసు కొంచెం నిదానించింది. రేవులో ఏ గంప మీద ఐసు మరీ ఎక్కువ పోసి ఉంటుందో ఆ గంపని ఆమె ముట్టుకోదు. దాచడానికేదో ఉంటేనే అంత ఐసు పోస్తారు. ప్రేమ సంగతి తరవాత, ముందు చెయ్యాల్సిన పని చెయ్యాలి అనుకుని, బండి పక్కన గొంతుక్కూర్చుంది.

"బాబూ, దీని మొప్ప ఎత్తు," అంది.

వెంకన్న దగ్గాడు.

"అదే, ఆ పక్క మూత. తియ్యి బాబూ, లోపల చూద్దాం."

తీశాడు. లోపల తళతళలాడుతోంది. బయట ఎంత ఎరుపో లోపలా అంత ఎరుపు. కానీ బోల్టు చుట్టూ, గోటికందే చోట, కింద ఇంకో రంగు నల్లగా తొంగి చూస్తోంది. ఫుట్‌రెస్టు రబ్బర్లు కొత్తవి. బ్రేకు పెడలు మార్చడం మాత్రం మరిచిపోయినట్టున్నారు, అది అరిగి అరిగి నున్నగా ఉంది. వారానికోసారి గుడికెళ్లే మేష్టారు తొక్కితే ఇనుము అలా అరగదు.

పులస పేరు చెప్పి విలసను అంటగట్టాలని చూసినవాళ్లు ఆమె జీవితంలో తక్కువేం కాదు. రెండూ ఒకే చేప. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీది వస్తే పులస. ఎక్కడినుంచో ఐసులో వచ్చినదానికి పులస ధర చెబుతారు. లోవలక్ష్మి మాత్రం వేలితో ఒక్క తడుము తడిమి, ఇది ఏ నీళ్లు తాగిందో చెప్పేస్తుంది. రేవులో ఈ విషయంలో ఆమెతో పందెం కాసేవాళ్లు లేరు.

హ్యాండిల్ కింద, మెడ దగ్గర చాసిస్ నంబరు ఉంటుందని లైసెన్సు ఆఫీసు దగ్గర చూసి నేర్చుకుంది. పట్టుచీర బొడ్డులోంచి పెన్సిలు ముక్క, కాగితం తీసింది. నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దింది. అంకెలు ఒకటొకటిగా తేలాయి. అన్నీ గణేష్‌బాబు చేతికిచ్చిన ఆర్‌సీ కార్డులో ఉన్నవే. అయితే వాటిలో రెండు అంకెలు లావుగా, లోతుగా పడ్డాయి. బొటనవేలితో తడిమి చూస్తే ఆ రెంటి చోట ఇనుము పల్లంగా ఉంది. ఎవరో అరగదీసి, మళ్లీ కొట్టారు.

"వెంకన్నా, ఫోన్లో నంబరు ప్లేటు కొట్టి చూడరా."

వెంకన్న కొట్టి చూసి తల గోక్కున్నాడు. "రంగు నలుపని ఉందక్కా."

గణేష్‌బాబు మొహం పాలిపోయింది. కార్డు లాక్కుని, కాగితం చూసి, బొటనవేలు తనూ పెట్టి తడిమాడు. వేరే బండికి మార్పిడిగా ఎవడో ఈ దొంగబండి ఇచ్చి పోయాడని, తను కార్డు చూశాడే గానీ మెడ దగ్గర వంగి చూడలేదని అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు.

"నీకూ విలసే తగిలింది బాబూ," అంది లోవలక్ష్మి జాలిగా.

వెంకన్నకి దగ్గీ దగ్గీ పొలమారింది. గణేష్‌బాబు కంగారులో అదేం పట్టించుకోలేదు. బండిని లోపల పెట్టి తాళం వేసి, పోలీస్ స్టేషన్లో ఇచ్చేస్తానండి అన్నాడు. లోవలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది. మోసం తప్పినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ ఎరుపు కొట్టు తలుపు వెనక్కి వెళ్లిపోయేదాకా చూస్తూ కూర్చుంది. కూల్‌డ్రింకు అడుగుదాకా తాగేసి, కుర్చీలోంచి లేచి, వరస చివరిదాకా నడిచింది.

అక్కడ, కొట్టు వెనక, మిగతా బండ్లకి ఎడంగా, ఎండలో ఒక నల్ల బండి ఒంటరిగా ఉంది. పాలిష్ లేదు. ట్యాంకు మీద చొట్ట, హ్యాండిల్‌కి తుప్పు, వెనక పెద్ద ఇనుప క్యారియర్.

"దాన్నెందుకు అలా వెలేసినట్టు పెట్టావు?"

"అది మీకొద్దులెండి మేడం గారు. ఇంజను బంగారమేనండి, అయినా ఎవరూ తీసుకోవట్లేదు."

దగ్గరికెళ్లింది. రెండడుగుల దూరంలోనే ఆమెకి తెలిసిపోయింది. రొయ్య, పీత, ఎండు సావిడాయి చేప, ఉప్పునీళ్లు. సీటు కుట్లలో, క్యారియర్ అతుకుల్లో ఇంకిపోయిన వాసన. లోవలక్ష్మికి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. వెంకన్న వంక చూస్తే వాడు అప్పటికే అటు తిరిగి నవ్వుతో భుజాలు ఊపుతున్నాడు.

ఈసారి తొందరపడలేదు. మెడ దగ్గర మట్టి గీకి పెన్సిలు రుద్దింది. అంకెలన్నీ ఒకే లోతు, ఒకే చెయ్యి. ఇంజను నంబరూ కార్డుకి సరిపోయింది. ఫోనూ నల్లబండే అంది. కార్డులో పేరు తాతాజీ, ఊరు తాళ్లరేవు.

"ఈయనతో ఒక్క మాట మాట్లాడించు బాబూ."

గణేష్‌బాబు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"బండి గురించాండి? చెప్తానండి," అన్నాడు తాతాజీ. "ఆరేళ్లు నా దగ్గరే ఉంది. ఓసారి కోరంగి దగ్గర కాలవలో పడ్డాం, అది, నేను, రెండు పెట్టెల రొయ్యలు. అప్పుడు ట్యాంకు చొట్టపడింది, కుడి ఇండికేటరు మార్పించాను. చిన్న వ్యాను కొన్నానండి, అందుకే అమ్మేశాను. ఒక్కటే లోటు, వాసన. ఎంత కడిగినా పోదండి, ముందే చెప్తున్నాను. అవునూ, మీ గొంతెక్కడో విన్నట్టుందే. యానాం రేవులో వేలం..."

లోవలక్ష్మి చటుక్కున ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకుంది. "ఆయ్, ఆయ్, అలాగేనండి, ఉంటానండి," అని పెట్టేసింది.

కుడి ఇండికేటరు చూసింది. అదొక్కటే కొత్తది. చొట్ట కూడా ఆయన చెప్పిన చోటే ఉంది. బండి ఒంటి మీద ఉన్న ప్రతి మచ్చకీ మనిషి నోట జవాబు దొరికింది. ఆమెకి ఆ బండి మీద పట్టరాని ప్రేమ పుట్టుకొచ్చింది, ఎర్రబండి మీద పుట్టిన దానికంటే ఎక్కువ. కానీ బేరం మిగిలే ఉంది కదా. పట్టుచీర కొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి బాబూ ఈ కంపు? దీని మీద మనిషన్నవాడు కూర్చుంటాడా?"

ఆ మాటంటున్నప్పుడు ఆమెకి తెల్లచొక్కా పెద్దమనిషి గుర్తొచ్చాడు. ఆయన కనుబొమలు ఎలా ముడిచాడో అలాగే ముడిచింది. మెడ ఎటు తిప్పాడో అటే తిప్పింది. ఆయన రుమాలు, ఈమె కొంగు, అంతే తేడా. వెంకన్న ఉండబట్టలేక రోడ్డు మీదికి పరిగెత్తాడు. గణేష్‌బాబు పాపం ధర ఒక మెట్టు దిగాడు. ఆమె ఇంకోసారి ముక్కు చిట్లించింది, మరో మెట్టు దిగాడు. వాంతి వచ్చేలా ఉందనేసరికి, హెల్మెటు ఊరికే ఇస్తాను తీసుకుపొండి మేడం గారు అన్నాడు.

డబ్బిచ్చి, తాతాజీ సంతకాలున్న కాగితాలు తీసుకుని, పేరు బదిలీ రోజున ఆయన కూడా ఆఫీసుకి వచ్చేట్టు మాట తీసుకుని, అంతా అయ్యాక లోవలక్ష్మి పట్టుచీర కుచ్చిళ్లు ఒక్క విసురుతో వెనక్కి లాగి గోచీ దోపింది. రేవు ఆడవాళ్లు తప్ప ఇంకెవరూ అంత చురుగ్గా దోపలేరు. గణేష్‌బాబుకి అనుమానమొచ్చింది.

"మేడం గారు ఏం చేస్తారండి?"

"చేపలమ్ముతాను బాబూ."

అతను కాసేపు ఆమెనీ, బండినీ, తన చేతిలో డబ్బునీ మార్చి మార్చి చూశాడు. తరవాత కుర్చీలో కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

"ఎర్రబండి సంగతి తేల్చినందుకు నాలుగు పీతలు తెచ్చిపెడతానులే. అవి అడావిడిగా వండకు, పులుసు పెట్టించు," అని చెప్పి లోవలక్ష్మి బండి స్టార్టు చేసింది.

దారంతా ఆమె పాడుతూనే ఉంది, పదాలు లేని పాట. హెల్మెటులో తన గొంతు తనకే పెద్దగా వినబడుతుంటే ఇంకా గట్టిగా పాడింది. ద్రాక్షారామం వీధిలో అక్కర్లేకపోయినా రెండుసార్లు హారన్ కొట్టింది. వెనక తన బండి మీద వెంకన్న, ఆమె గేరు మార్చినప్పుడల్లా ఎందుకైనా మంచిదని ఎడంగా జరుగుతున్నాడు.

ఇంజరం మలుపు వచ్చింది. లోవలక్ష్మి వేగం తగ్గించి, పక్కకి తీసి, సరిగ్గా ఆ రోజు ఆటో ఆగిన చోట బండి ఆపింది. స్టాండు వేసి దిగింది. పట్టుచీరలో, చేతులు నడుము మీద పెట్టుకుని, ఒక నిమిషం అలా నిలబడింది. పాట ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని తుడుచుకోలేదు.

వెంకన్న వచ్చి ఆగాడు. "ఏవైందక్కా? బండి మొరాయించిందా?"

"లేదురా. దిగాలనిపించింది, దిగాను," అంది లోవలక్ష్మి. మళ్లీ ఎక్కి కూర్చుంది.