అక్క రాతికట్టల మీద వాన

విడవలూరులో ఉదయం ఆరున్నరకు బస్సెక్కాను. మా అక్క రమణమ్మ వెలికొండల వాలులో రాతికట్టలు పేర్చి, మెట్లు మెట్లుగా మడులు చేసి, కంది, కొర్ర, నిమ్మ పండిస్తోంది. అది చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. సముద్రం పక్కన బతికేదాన్ని, వాయుగుండం అంటే తూర్పుకు చూసి భయపడడమే తెలుసు. కొండ దగ్గర ఆ భయం ఉండదనుకున్నాను.

నెల్లూరులో ఇడ్లీ తిని ఎనిమిది గంటల రాపూరు బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బుల్లేవు. ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోవాలి. పొదలకూరులో నిమ్మకాయలు అమ్ముకుని ఖాళీ గోతాలతో ఎక్కినావిడ నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతుండావమ్మా?"

"కొండకింద మా అక్క ఉంది."

"ఈ మబ్బులోనా?" అని కిటికీలోంచి పడమరకు చూసి, గోతాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చూపుతోనే నాకు గుబులు మొదలైంది.

రాపూరు నుంచి ఆటో, ఆపైన కాలినడక. పదకొండుకల్లా చేరాను. అక్క ఒక్కో కట్టా చూపించింది. అడుగున పెద్దరాళ్ళు, సందుల్లో చిన్నరాళ్ళు, మీద గడ్డి. నీళ్ళు ఎక్కువైతే పక్కకు పోవడానికి ప్రతి మడికీ రాళ్ళు పరిచిన కలుజు.

పైనున్న చేను వెంకటయ్యది. ట్రాక్టరు తిరగాలని ఈ ఏడాది తన కట్టలన్నీ తీయించాడట. ఎర్రటి నేల నున్నగా, మా మీదికి వాలి ఉంది.

"భయం లేదా అక్కా?"

"ఉండాది. ఏం చేసేది?"

అన్నం తిని లేచేసరికి వాన దిగింది. అరగంటలో కొండ కనిపించలేదు. పైనుంచి హోరు వినిపించింది, మా సముద్రం హోరులాంటిదే, కానీ తల మీదినుంచి. అక్క పార తీసుకుని పరుగెత్తింది. నేనూ వెంటపడ్డాను.

పై మడి నిండిపోయింది. వెంకటయ్య చేలోంచి కొట్టుకొచ్చిన కంప కలుజుకు అడ్డం పడింది. నీళ్ళు దారిలేక కట్టను నెడుతున్నాయి. కలుజు పక్కనే రాళ్ళు ఉబ్బడం నా కళ్ళతో చూశాను. సరిగ్గా దాని కిందే నిలబడి అక్క కంప లాగుతోంది.

"వచ్చేయ్ అక్కా!" నా గొంతు నాకే వినిపించలేదు.

పై చేలోంచి వెంకటయ్య గునపంతో జారుతూ వచ్చాడు. "ఇవతలికి రా రమణక్కా, కట్ట పోతాది!" అని ఆమె చెయ్యి పట్టి లాగేశాడు. ఇద్దరూ పక్కకు పడ్డారు. కట్ట తెగింది. రాళ్ళూ మట్టీ కంది మొక్కలూ కలిసి కింది మడిలోకి దూకాయి. నేను పక్కనున్న చెట్టును వాటేసుకుని కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి రెండో కట్ట నిలబడే ఉంది. నీళ్ళు దాని కలుజులోంచి బుసలు కొడుతూ పక్కకు పోతున్నాయి. కింద ఇల్లూ మేకలూ క్షేమం.

వాన తగ్గాక పైకి చూశాం. వెంకటయ్య చేనంతా మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలింది.

"నీ మట్టంతా నా మడిలో ఉండాది," అంది అక్క. "ఎత్తుకపోతావా?"

"ఎట్టా ఎత్తుకపోయేది, అక్కా?" అని అతను బురదలోనే కూలబడ్డాడు.

మర్నాడు కట్ట తెగిన చోట అక్క అడుగురాయి వేసింది. నాలుగు రాళ్ళు అందించి, పది గంటల బస్సుకు బయలుదేరాను. ఆ మడులు చూడదలచినవాళ్ళు తప్పక వెళ్ళండి, ఆకాశం చూసుకుని వెళ్ళండి. మా అక్క నేలను కాపాడింది రాళ్ళే. అయినా ఆమెను అక్కడ భయపడుతూనే వదిలివచ్చాను. దారిలో వాగులన్నీ ఎర్రగా పారుతున్నాయి. ఒక్కోటి దాటుతుంటే, ఇది ఎవరి చేని మట్టో అనుకున్నాను.