సన్మాన సభలో చెప్పిన నిజం

మా చోడవరంలో ఎవరి ఆటైనా గొప్పదా కాదా అని తేల్చేది ఉదయపు నడక సంఘం. సంఘంలో ఎవరూ ఏ ఆటా ఆడరు. కాలేజీ మైదానం చుట్టూ కాసేపు నడుస్తాం, అంతకు రెట్టింపు సేపు గేటు ఎదుట టీ కొట్టు దగ్గర కూర్చుంటాం. పొట్టలు తగ్గలేదు గాని అభిప్రాయాలు బాగా బలిశాయి.

కిందటేడు మా ముందుకు పెద్ద విషయమే వచ్చింది. మా ఊరి నుంచి రాష్ట్ర జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడిన అమ్మాయి మోకాలు మొరాయించి ఆట మానేసింది. అమ్మాయి అంటున్నాను గాని నలభైకి దగ్గరపడింది, కాలేజీలో నాకంటే ఒక తరగతి కింద. అనకాపల్లిలో ఉద్యోగం. సాయంత్రాలు వచ్చి ఇక్కడి ఆడపిల్లలకు ఆట నేర్పుతాను, మైదానం మూలనున్న సిమెంటు కోర్టు మాకు వదలండి అని కాలేజీని అడిగింది.

ఆ కోర్టు మీద మా సంఘం ఎప్పుడో కన్నేసింది. పైన రేకులు వేయించి షటిల్ ఆడుకోవాలని మా ప్రెసిడెంటు కోరిక. ఆయన బెల్లం వ్యాపారి. కాలేజీవాళ్ళు తెలివిగా, ఊరి పెద్దలు ఎలా అంటే అలా అని మా మీదకు నెట్టేశారు.

"ఆయమ్మి మనూరి ఆటగాళ్ళందర్లోకీ గొప్పదని తేలితే కోర్టు ఇచ్చేద్దాం. తేలకపోతే శాలువా కప్పేద్దాం," అన్నాడు ప్రెసిడెంటు.

వాదన మొదలైంది. పూర్వం ఒకాయన సగం కోర్టు నుంచి కళ్ళు మూసుకుని విసిరినా బంతి రింగులో పడేదట. ఇంకొకాయన గెంతితే మోచెయ్యి రింగుకు తగిలేదట. చూసినవాళ్ళు మాలో లేరు. చనిపోయిన ఆటగాళ్ళకు ఆ సౌకర్యం ఉంది, ఏటా కొంచెం మెరుగవుతుంటారు. ఈమె బతికి ఉండటమే ఈమెకు పెద్ద లోటు.

మా సంఘంలో రిటైరైన లెక్చరరు ఒకాయన ఫోనులో అమెరికా ఆటల ముక్కలు చూస్తుంటాడు. "అమెరికాలో అయితే ఈవిడకి బెంచీ మీద కూడా చోటుండదండీ," అన్నాడు. అమెరికావాళ్ళెవరూ మా కోర్టు అడగలేదు కదా అని లోపలే అనుకున్నాను.

"పోనీ ఆడోళ్ళలో ఫస్టు అనేద్దాం," అన్నాడు ప్రెసిడెంటు.

"ఆడోళ్ళలో ఇంకెవరాడేరండీ మనూర్లో?" అన్నాడు లెక్చరరు.

"అందుకే ఫస్టు."

తరవాత ఆయన నావైపు తిరిగాడు. "ఏటి గురూ, కాలేజీలో ఆయమ్మితో నువ్వు ఆడేవు కదా. సెప్పు, అంత ఆటేనా?"

నిజమేమిటంటే, కాలేజీలో ఒకసారి మా ఇద్దరికీ పందెం పడింది. అందరూ చూస్తుండగా నన్ను చిత్తుగా ఓడించింది. బంతి ఎటు పోయిందా అని నేను వెనక్కి తిరిగేసరికి అది రింగులోంచి కిందపడేది. ఆడపిల్ల కదా అని వదిలేశానని అప్పుడే ఒక మాట కల్పించుకున్నాను. పెళ్ళైన కొత్తలో మా ఆవిడకూ అదే చెప్పాను. టీ గ్లాసు పట్టుకుని ఆ పూట కూడా అదే చెప్పాను.

"ఆటేటండీ. ఓడిపోతే ఏడుస్తాదని నేనే వదిలేసేను."

"అదీ సంగతి," అన్నాడు ప్రెసిడెంటు. నాలాంటివాడు జాలిపడి గెలిపించిన మనిషి గొప్పవాళ్ళలో ఎలా ఉంటుంది? నా పొట్ట చూసి మరీ అందరూ ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం మైదానం పక్కగా పోతుంటే ఆమె కోర్టు ఊడుస్తోంది. ఆడపిల్లలు కొందరు వంగి సున్నంతో గీతలు దిద్దుతున్నారు.

"ఏటన్నయ్యా, కోర్టు మాకిత్తారంటావా?"

"సూద్దామమ్మా," అన్నాను. ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు.

అందుకని ఆమెకు శాలువా కప్పే సన్మాన సభలో నిజం చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ప్రెసిడెంటు ఫొటో పెద్దది, ఆమెది ఆయన భుజం పక్కన చిన్నది. అమెరికా లెక్చరరు మైకు అందుకుని, ఈమె అమెరికాలో పుట్టి ఉంటే ప్రపంచమే దాసోహమనేదన్నాడు. నా వంతు వచ్చింది. "ఆమెను నేను వదిలెయ్యలేదు. శక్తికొద్దీ ఆడి ఓడిపోయాను. టీ కొట్టు దగ్గర అబద్ధమాడాను. కోర్టు ఆమెకే ఇవ్వాలి," అన్నాను.

చప్పట్లు మారుమోగాయి. ప్రెసిడెంటు లేచి నన్ను కావలించుకున్నాడు. "ఎంత పెద్ద మనసు గురూ నీది. ఆయమ్మి కోసం ఓడిపోయేనని కూడా సెప్పేవు."

సన్మాన సభలో చెప్పిన మాట ఎవరూ నమ్మరన్న సంగతి, ఎన్నో సభల్లో మైకు పట్టుకున్న నేనే మరిచిపోయాను. నిజం చెప్పాలంటే టీ కొట్టు దగ్గరే చెప్పాలి.

సభ అయ్యాక ఆమె శాలువా మడత పెడుతూ నా దగ్గరకు వచ్చింది. "అన్నయ్యా, నువ్వు నిజమే సెప్పేవని ఇక్కడ నాకొక్కద్దానికే తెలుసు. ఏం లాభం?"

కోర్టు మీద రేకులు పడ్డాయి. ఇళ్ళలో పంపిన పిల్లలు ఇద్దరో ముగ్గురో బస్సెక్కి ఆమె దగ్గరకు అనకాపల్లి వెళ్తున్నారు. గీతలు దిద్దిన మిగతావాళ్ళు మానేశారు. ఆ గీతల మీదే షటిల్ గీతలు వేశారు. నేనూ ఆడుతున్నాను.

మొన్న టీ కొట్టు దగ్గర, ఆమె నన్ను నిజంగానే ఓడించిందని మళ్ళీ చెప్పాను. "ఇంకా ఆ మంచితనం వదల్లేదేటి," అని నవ్వారు. తరవాత ఊరి గొప్ప ఆటగాళ్ళ వరస మళ్ళీ ఒకసారి చెప్పుకున్నారు. చనిపోయిన ఇద్దరి తరవాత నేను. నా తరవాత ఆమె.