ఎర్ర గీత కింద పంతొమ్మిది పేర్లు

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ మొన్న గురువారం పొద్దున పోయారు. టీ పెట్టుకుని, అది చల్లారేలోపు కుర్చీలోనే తల వాల్చారట. ఆవిడ కూతురు ఫోన్ చేసినప్పుడు నేను పప్పు కడుగుతున్నాను. కడగడం పూర్తిచేసి, కుక్కర్ పొయ్యి మీద పెట్టి, అప్పుడు కింద కూర్చున్నాను.

ఊరు అంటున్నాను గానీ, పాతబస్తీ పెరుగుతూ జల్‌పల్లి దాటి మా గడపల దాకా వచ్చేసింది. అయినా ఉన్నవి నూట ఇరవై ఇళ్లు, ఒకటే పోలింగ్ బూతు. ఎవరింట్లో ఏం కూరో అందరికీ తెలుసు, ఎవరు ఏ పార్టీయో కూడా తెలుసు. బస్టాపు వైపు ఇళ్లు ఒక పార్టీ, పూలవాళ్ల గల్లీ ఇంకో పార్టీ. టీచరమ్మ ఇల్లు, మా ఇల్లు బస్టాపు వైపే. మా బూతు ఓటరు జాబితా చూసే పని ఆవిడకు అప్పగించారు. ఆవిడ ఓటు ఎటు పడేదో మాత్రం కన్నకూతురికి కూడా తెలియదు.

"ఎవరికేసిన్రని నేనడగ. ఏసిన్రా అని అడుగుత" అనేవారు.

పోలింగ్ రోజు మూడు దాటితే ఇంకా రానివాళ్ల తలుపులు తట్టేవారు. ఒకసారి ఆటో నడిపే అతను కళ్లు నులుముకుంటూ వచ్చి, "అంగన్‌వాడిల పండుకోబెట్టింది నువ్వే, ఇప్పుడు లేపేది నువ్వేనా టీచరమ్మా?" అన్నాడు. "అప్పుడు గూడ నువ్వు సక్కగ పండుకోలే. నడువ్" అన్నారు ఆవిడ.

మోకాళ్లు అరిగాక ఇల్లిల్లూ తిరగడం ఆవిడకు కష్టమైంది. నా చేతిరాత బాగుంటుందని, ఏదైనా పద్ధతిగా రాస్తానని, తన నోటుబుక్కు నాకిచ్చి పూలవాళ్ల గల్లీకి పంపారు. ఎవరున్నారు, ఎవరు ఇల్లు మారారు చూసి రావాలి. ఒకటే షరతు పెట్టారు. "కొట్టేసే పేరు పెన్సిల్‌తోటి కొట్టెయ్. మనిషి మళ్ల కనవడితే చెరపాలె గదా."

నేను మూడుసార్లు వెళ్లాను. మావారికి డబ్బా కట్టి, గిన్నెలు తోమి, పది గంటలకు. మూడుసార్లూ ఆరిళ్లకు తాళాలే. ఆ గల్లీకి కొత్తగా అద్దెకొచ్చిన పక్కింటామె, "జల్‌పల్లి దిక్కు ప్లాట్లు తీసుకున్నరంట, పోయిర్రేమో" అంది. మూడు తేదీలు, మూడు టైములు బుక్కులో రాశాను. పేజీ శుభ్రంగా కనపడాలని స్కేలు పెట్టి ఎర్రపెన్నుతో గీత కొట్టాను. టీచరమ్మ నా రాతను నమ్మి, బుక్కు తెరవకుండానే తీసేసే కాగితాల మీద సంతకం చేశారు. తీసేసిన పేర్ల కాగితం బడి గోడకు అంటించారు. ఎవరూ చదవలేదు.

వాళ్లు ఎక్కడికీ పోలేదు. తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెచ్చి, సంతోష్‌నగర్‌లో కూర్చుని అమ్మి, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. పది గంటలకు ఆ ఇళ్లకు తాళాలే ఉంటాయి. ఏళ్లుగా వాళ్ల చేతి పూలు పెట్టుకుంటున్న నాకు ఆ సంగతి తట్టలేదు.

ఓటు రోజు వాళ్లు బేరం మానుకుని బూతుకు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ, అందరం అవ్వ అంటాం, "మా పేర్లు లేవంటున్రేంది టీచరమ్మా? మేం ఉన్నం గదా" అంది.

వెనక నుంచి ఆమె మనవడు అన్నాడు. "ఉన్నం గానీ అవుతలి పార్టీల ఉన్నం. గందుకే లేం."

టీచరమ్మ బుక్కు తెరిచారు. ఎర్ర గీతలు చూశారు, నన్ను చూశారు. బుక్కు మూసి, "నా తప్పే. నేనే కొట్టేసిన" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ ఆరిళ్లలో పంతొమ్మిది ఓట్లు. మా వార్డు ఆసారి పదకొండు ఓట్లతో మా వైపు పార్టీకి చేతులు మారింది. టీచరమ్మ కావాలనే చేసిందని పూలవాళ్ల గల్లీ వాళ్లు అన్నారు. ఓటు రోజు సాయంత్రమే టీచరమ్మ ఇంటికి వెళ్లి, ఎందుకలా చెప్పారని అడిగాను. "సంతకం నాది. నీ పేరు చెప్తే మీ ఇంటి మీదికొస్తరు. నీకెందుకు లొల్లి" అన్నారు. నేను చెబుతానని అనలేదు. ఆవిడా అడగలేదు.

తర్వాత ప్రతి ఏడూ పేర్లు మళ్లీ ఎక్కించే దరఖాస్తులు పట్టుకుని, చీకటి పడ్డాక, కర్ర ఊతంతో ఆ గల్లీకి వెళ్లారు. "మళ్ల కొట్టేస్తందుకా?" అనేవారు వాళ్లు. "పూలు కావాలంటే తీస్కపో, సంతకం అడగకు." ఆవిడ దోసిట్లో మల్లెలతో తిరిగొచ్చేవారు. వాళ్లను చూసి మిగిలిన గల్లీ కూడా ఓటు మానేసింది. పోయినసారి అక్కడి నుంచి ఓటుకు నలుగురే వచ్చారు. టీచరమ్మ మూడింటికి తలుపులు తట్టలేదు. కుర్చీలో కూర్చుని ఆ దారివైపు చూస్తూ ఉండిపోయారు.

గురువారం అవ్వ బంతిపూల దండ తెచ్చి ఆవిడ మీద వేసింది. బయటికి వస్తుంటే ఆపాను.

"అవ్వా, మీ పేర్లు కొట్టేసింది నేను. టీచరమ్మ కాదు."

"గిప్పుడు చెప్తున్నవా బిడ్డా. ఆమె బతికుండంగ చెప్పేదుండె."

"దరఖాస్తులు నేను తెస్తా. సంతకం పెట్టు."

"ఆమె అన్నిసార్లొస్తే పెట్టకపోతిమి. ఇంకెవరికి పెట్టాలె" అని, ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

నిన్న కూతురు ఆవిడ సంచి నాకిచ్చింది. అందులో ఆ నోటుబుక్కు ఉంది. నా ఎర్ర గీతలను టీచరమ్మ బ్లేడుతో గీకి తీశారు. కాగితం ఉల్లిపొరలా పలచబడింది. దాని మీద పంతొమ్మిది పేర్లు పెన్సిల్‌తో మళ్లీ రాసుకున్నారు. ఒక్కో పేరు పక్కన సంతకం తీసుకున్న తేదీ వేయడానికి కాస్త చోటు వదిలారు; పంతొమ్మిదీ ఖాళీయే. కిటికీ దగ్గర ఆ పేజీ పట్టుకుంటే, వెలుతురు కాగితంలోంచి ఇవతలికి దిగుతోంది.