నంబరు లేని అధ్యక్షుడు

మనూర్ లైను ఆటోవాళ్ళను నేను మనుషుల్లో లెక్కపెట్టను. డిపో పక్కన నా చాయ్ హోటలు ముందే వాళ్ళ అడ్డా. నా చాయ్ తాగి, నా బెంచీ మీద కూర్చుని, ఒకరి గొంతు ఒకరు కోసుకుంటారు. శివగంగకు నోరెక్కువ అని నారాయణఖేడ్‌లో నాకు పేరుంది. ఉంటే ఉండనీ. తోమా సంగతి చెప్పాలంటే ఆ మాత్రం నోరు కావాలి.

అడ్డాలో తోమాది మొదటి నంబరు. అంటే పొద్దున్నే హైదరాబాదు బస్సు దిగిన జనం ముందు అతని ఆటోనే ఎక్కాలి. అది నిండి కదిలాకే రెండో నంబరు నాగేశ్‌కు గిరాకీ. ఆ తొలి గిరాకీ మీదే తోమా ఇల్లు నడిచేది. ఆ తర్వాత అందరికీ ఈగలు తోలుకోవడమే. నాగేశ్ యూనియన్ కార్యదర్శి, పెత్తనమంతా అతనిదే. అయినా రోజూ తోమా వెనక నిలబడి ఉడికిపోయేవాడు.

యూనియన్‌కు అధ్యక్షుడు కూడా ఉంటాడు. ఉత్సవ విగ్రహం. తాడు లాగి జెండా ఎగరేయడం, పెళ్ళైన డ్రైవరుకు శాలువా కప్పడం, కార్యదర్శి తెచ్చిన కాగితం కింద సంతకం గీకడం, అంతే పని. ఓట్లూ గీట్లూ లేవు. జెండా పండుగ నాడు అందరి ముందు తాడు ఎవరు లాగితే వాళ్ళే, మరొకరు లాగేదాకా అధ్యక్షులు. అధ్యక్షుడు అందరివాడు కనుక అతనికి నంబరు ఉండకూడదని ఇంకో కట్టుబాటు. ఇదివరకు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా ఆటో అమ్ముకున్న ముసలివాళ్ళే. వాళ్ళకు నంబరు ఉంటేనేం, లేకుంటేనేం? అందుకే ఆ కట్టుబాటు ఎవరికీ గుర్తు లేదు, నాగేశ్‌కు తప్ప.

పాత అధ్యక్షుడు ఎల్లయ్య చనిపోయిన ఏడాదే ఢిల్లీలో కొత్త రాష్ట్రపతి ప్రమాణం చేశారు. నా హోటలు టీవీలో అందరూ చూశారు. గుర్రాలు, బ్యాండు, ఎర్ర తివాచీ.

"చూసినవా తోమన్న? గా ఇజ్జత్ చూడు. మన అడ్డాల గసొంటి పెద్దమనిషి నువ్వే," అన్నాడు నాగేశ్.

తోమా మీసాలు సవరించుకున్నాడు. భార్య సంతోషమ్మ వద్దని మొత్తుకుంది. "కుర్చీ కూడు పెడ్తదా? నీ ఆటో నువ్వు నడుపుకో," అంది. వినలేదు. చర్చికి కట్టే తెల్లబట్టలు ఇస్త్రీ చేయించి, పంద్రాగస్టు నాడు తాడు లాగాడు. అందరూ చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? తోమాకు తప్ప అందరికీ నాగేశ్ ఆ పాత కట్టుబాటు చెవిలో ఊదాడు. ఒకడు తప్పుకుంటే వెనకున్నవాళ్ళంతా ఒక్కో నంబరు ముందుకు జరుగుతారు.

మర్నాడు ముందు నిలబెట్టిన తోమా ఆటోను నాగేశ్ పక్కకు తీయించాడు. "అధ్యక్షునికి నంబరుండదు. ఎరుకనే కదా?"

తోమా మొహం నేను చూశాను. జాలి పడలేదు, ఒళ్ళు మండింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, ఇతగాడు కత్తికి దండ కూడా వేసి వచ్చాడు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. జనం తోమాకు కప్పిన శాలువాలు పెట్టెలో పేరుకున్నాయి, సంతోషమ్మ పత్తి ఏరే కూలికి పోయింది. దొరికితే పెళ్ళి కిరాయి, లేకపోతే నా బెంచీ మీద తోమా. నంబరు తిరిగిమ్మని అడిగినప్పుడల్లా అడ్డా అంతా ఒక్కటే మాట: "పెద్దమనిషివి, గట్ల అడుగుతరా?"

మొన్న ఛబ్బీస్ జనవరికి తోమా తాడు పట్టుకుని నిలబడ్డాడు. లాగలేదు.

"నా నంబరు నాకియ్యుండ్రి. లాగుత."

జెండా ఎగిరేదాకా ఒక్క ఆటో కదలకూడదు. మనూర్ పోయే జనం గొణుగుతున్నారు.

"అధ్యక్షుడు మాట్లాడొద్దు, లాగాలె. జల్దీ కానియ్," అన్నాడు నాగేశ్.

"నా పెండ్లం కూలికి పోతుంది నాగేశ్."

"అయితే నన్నేం జెయ్యమంటవ్?" అని నాగేశ్ తాడు గుంజుకుని తనే లాగేశాడు. జెండా చక్కగా ఎగిరింది. ఎవరు లాగితే దానికేం? పూలు రాలాయి. జనగణమన అయ్యేదాకా తోమా నిటారుగా నిలబడ్డాడు. తర్వాత భుజం మీది శాలువా తీసి నాగేశ్‌కు కప్పాడు.

"తాడు లాగినోడే అధ్యక్షుడు. అధ్యక్షునికి నంబరుండదు. ఎరుకనే కదా?"

నాగేశ్ నవ్వబోయాడు. పక్కన ఎవరూ నవ్వలేదు. వెనకవాళ్ళకు పోయేదేమీ లేదు. నాగేశ్ తప్పుకుని ఆ మొదటి చోటికి తోమా వస్తే ఎవరి నంబరు వాళ్ళకే ఉంటుంది. అయినా కార్యదర్శి అంటే లోపల ఎవరికి మంట లేదు? మూడో నంబరు రేవణసిద్ధ ముందుగా చప్పట్లు మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు.

మర్నాడు పొద్దున్న తోమా ఆటో ముందుంది, నాగేశ్ నా బెంచీ మీదున్నాడు. నాకే ఉండబట్టక అన్నాను, "గీ కానూన్ తీసెయ్యరాదు తోమన్న? రేపు ఇంకొకడు పరేషాన్ అయితడు."

బస్సు వచ్చింది. జనాన్ని ఎక్కించుకుంటూ తోమా నా వైపు కూడా చూడలేదు.

"ఎందుకు తియ్యాలె? మంచి కానూన్," అన్నాడు.