ఎనిమిది తెల్ల బిళ్లలు

ఆ రోజుల్లో, అంటే ఇంజనీరింగు ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, దేన్నైనా సరే కొలిచి పట్టికలో ఎక్కిస్తే అది మన మాట వింటుందని నాకొక నమ్మకం ఉండేది. కాబట్టి ఆ ఏప్రిల్ ఉదయం పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలోని టమాటా తోటలో ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో ముందు చెబుతాను. కాయలు కోసే ఆడవాళ్లు ఏడుగురు. వాళ్లను పనికి పిలుచుకొచ్చే మేస్త్రమ్మ. ఎండ తగిలేకొద్దీ తెలుపు నుంచి వంకాయ రంగుకు తిరిగే బిళ్లలు ఎనిమిది, పిన్నీసులు ఎనిమిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను లెక్కగట్టే చేతి మీటరు ఒకటి. పట్టిక, పెన్ను, పొట్టిచేతుల చొక్కాలో నేను.

మదనపల్లెలో పొలం పనివాళ్లకు టోపీలు, చేతి తొడుగులు కుట్టే చిన్న కంపెనీ మాది. ఒక్కొక్కరి మీద రోజంతా ఎంత ఎండ పడుతుందో తేలితే దానికి తగ్గ గుడ్డ ఎంచుకోవచ్చని మా సారు ఆలోచన. నాది మూడు నెలల ట్రయల్. ఆ శనివారంతో ముగుస్తుంది. "ఈ కొలతలు సరిగ్గా వస్తే పర్మనెంటు, రాకుంటే నీ దారి నువ్వు చూసుకో" అన్నారు సారు. ఈ సంగతి నేను మేస్త్రమ్మకు చెప్పి ఉండకూడదు. చెప్పాను. "అక్కా, ఈ బిళ్ల రంగు తిరిగిందంటే చర్మం కాలే ఎండ తగిలిందని అర్థం. ఇవి సరిగ్గా రాకుంటే నా ఉద్యోగం పోతాది" అని (చేతులు కూడా జోడించినట్టు గుర్తు) ఏడు గంటలకు అందరి భుజాలకూ బిళ్లలు గుచ్చాను.

తొమ్మిదికి చూశాను, తెలుపు. పదకొండుకు చూశాను, తెలుపు. మీటరేమో పది దాటిపోయింది. ఆ అంకె ఎనిమిది దాటితేనే మనిషి నీడకు చేరాలి. దారి పక్కన బైకు దగ్గర నిలబడి మీటరు బ్యాటరీ మార్చాను, బిళ్లల పెట్టె మీది సూచనలు మూడుసార్లు చదివాను, చివరికి సారుకు ఫోను చేశాను. "బిళ్లలు ఎండలోనే ఉండాయా?" అని అడిగారు. "మనుషులు ఎండలో ఉండారు సార్, బిళ్లలు మనుషుల మీద ఉండాయి" అని విసుక్కున్నాను. పట్టిక ప్రకారం ఒంటిగంటకు పోవాల్సినవాణ్ణి, మనసాగక పన్నెండున్నరకే తోట వెనకవైపు నుంచి సాళ్లలోకి దిగాను. ఒక్క భుజం మీదా బిళ్ల లేదు.

"యాడక్కా బిళ్లలు?"

మేస్త్రమ్మ తొణకలేదు. కానుగ చెట్టు కింద పెట్టిన క్యారియరు తెరిచి, ఖాళీ గిన్నెలో గుడ్డ చుట్టి దాచిన ఎనిమిదీ చూపించింది. "బద్రంగా ఉండాయి సూడప్పా. రంగు తిరిగితే సెడ్డదని నువ్వే సెప్తివి. నువ్వు వచ్చేది కనపడతానే పెట్టుకుంటాం, నువ్వు పోతానే తీసేస్తాం. నీ ఉద్యోగం పోతే మీయమ్మకు ఎవురు సెప్పేది? ఒక్కటన్నా మాసిందా సూడు."

కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను: రంగు తిరగాలి, తిరిగితేనే నాకు ఉద్యోగం. "ఆ మాట పొద్దున్నే సెప్పుంటే మాకీ తిప్పలు యాల" అని ఆమె నా మీదే విసుక్కుంది. సగం రోజైనా దక్కింది కదా అనుకుని (పట్టికలో 'సగం రోజు' అని కొత్త గడి కూడా గీసి) మూడు గంటలకు తిరిగొస్తే, ఎనిమిది బిళ్లలూ బండ మీద ఎండుమిరపకాయల్లా వరసగా ఆరబోసి ఉన్నాయి. అన్నీ ముదురు వంకాయ రంగు. "ఇంకా కొంచేపు ఉండనీ సారూ, బాగా ఎక్కుతాది" అంది కాయలు కోసే ఆమె ఒకతె.

నేను అరవబోయాను; మొహం చురుక్కుమంది. మేస్త్రమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆమె తలకు తువ్వాలు, చీర మీద మగవాళ్ల నిండుచేతుల చొక్కా. ఆ ఎనిమిది మందికీ మొహం, వేళ్లు తప్ప ఎండ తగిలే చోటే లేదు. (ఈ సంగతికి నా పట్టికలో గడి లేదు.) "మమ్మల్ని కొలిసేదానికొచ్చి నువ్వు ఇట్లా కమిలిపోతివే నాయనా" అని, క్యారియరులో మిగిలిన పెరుగు తీసి నా ముక్కుకూ మెడకూ అంటించింది. మిగతావాళ్లు పని ఆపి మరీ చూశారు.

సోమవారం జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. సారు రెండుసార్లు చదివి, ట్రయల్ ఇంకో మూడు నెలలు పొడిగించి, ఈసారి వాళ్ల చొక్కాల గుడ్డను కొలుచుకు రమ్మన్నారు. ఇప్పుడు మా కుప్పం శాఖలో కొత్తగా చేరినవాళ్లకు కొలతలు నేర్పేది నేనే. ముందు మనుషుల్ని అడగండి అంటే, నాలాగే తల ఊపి పట్టికలు గీసుకుంటారు. అప్పుడు ఆ పాత రిపోర్టు తీసి చివరి పేజీ చూపిస్తాను. గుండ్రటి చేతిరాతతో, స్కేలు పెట్టి కింద గీత కూడా కొట్టి, ఆ పొట్టిచేతుల చొక్కా కుర్రవాడు ఇలా రాశాడు: నమ్మదగిన కొలతలు, సున్నా. ఎండకు కమిలినవారు, ఒకరు.