మా నాన్న చెయ్యి నాకు రాలేదు

నా ముందు ఒక ఇత్తడి గిన్నె ఉంది. అరచేతిలో ఇమిడేంత గిన్నె. చింతపండు పెట్టి తోమీ తోమీ అడుగు పలచబడిపోయింది, అంచు చుట్టూ చిన్న చిన్న సొట్టలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎన్నిసార్లు కడిగినా పోని చెరకు పాకం వాసన, దాని కింద కాస్త పొగ వాసన తగులుతాయి. మొన్న నర్సీపట్నం నుంచి ఒక కుర్రాడు బైకు మీద వచ్చి, మా బెల్లం పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడి ఫోన్లో వీడియో తీసుకున్నాడు. ఈ గిన్నె మా నాన్నదని చెప్పగానే వాడి మొహం వెలిగిపోయింది. "అదండీ మేడమ్, మీకిది రక్తంలోనే ఉంది. మీ నాన్నగారి చెయ్యి మీకొచ్చింది" అన్నాడు. రాలేదు బాబూ అన్నాను. అది నా వినయమనుకున్నాడు కాబోలు, నవ్వేసి, ఆ మాట కోసేసి, వీడియోకి 'పుట్టుకతో వచ్చిన విద్య' అని పేరు పెట్టి లోకం మీదకి వదిలాడు. అప్పటినుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. వినయం నాకు చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రాలేదంటే రాలేదనే.

మా ఊరు నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. నా చిన్నతనంలో చలి ముదిరిన దగ్గర్నుంచి ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్య దాకా ఊరి చుట్టూ ఏడెనిమిది బెల్లం పొయ్యిలు ఏకధాటిగా మండేవి. తెల్లవారుజామున మంచులో ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతుంటే కిర్రుమనే చప్పుడూ, ఎండిన చెరకు పిప్పి పొయ్యిలోకి తోస్తుంటే చిటపటమనే చప్పుడూ, పెద్ద ఇనప పెనంలో రసం కుతకుతలాడే చప్పుడూ కలిసి మాకు నిద్ర లేపే గడియారం. పిప్పి కుప్పల మీద జారుడుబండలాడి ఒళ్ళంతా దురదలు తెచ్చుకునేవాళ్ళం, నిప్పుల్లో చిలగడదుంపలు పాతి అవి కాలేదాకా గచ్చకాయలాడేవాళ్ళం, కొండల మీంచి చింతపండూ చీపుళ్ళూ దించుకొచ్చే ఆడవాళ్ళు ఇచ్చిపోయిన అడ్డాకుల్లో వేడి పాకం పోయించుకుని, ఊదుకుంటూ, నాలిక కాల్చుకుంటూ నాకేవాళ్ళం. రసంలో మురికి పైకి తేలడానికి బెండ మొక్కల కాడలు నలగ్గొట్టి ఆ జిగురు పోసేవారు. నురగ పొంగితే చారెడు ఆముదం చిలకరించేవారు. ఆ వాసనలన్నీ మా జడల్లో పట్టేసి, ఎండాకాలం సెలవులిచ్చే దాకా బళ్ళో పక్క పిల్లలు మమ్మల్ని బెల్లంగుంటలని, అంటే బెల్లం పిల్లలని పిలిచేవారు.

ఆ పెనం దగ్గర మా నాన్నే రాజు. బెల్లం వండడంలో కష్టమంతా ఒక్క క్షణంలో ఉంటుంది, పాకం వచ్చిందని తెలుసుకోవడంలో. కాస్త ముందు దింపితే దిమ్మ కట్టదు, కారిపోతుంది. కాస్త ఆలస్యమైతే మాడుతుంది. నాన్న పంచె ఎగ్గట్టి పెనం పక్కన గొంతుక్కూర్చుని, బుడగలు చూస్తూ, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక దశలో గరిటె ముంచి ఈ ఇత్తడి గిన్నెలో ఉన్న చన్నీళ్ళలో నాలుగు చుక్కలు వేసేవాడు. వేళ్ళతో ఉండ చేసి గిన్నె అంచుకేసి కొట్టేవాడు. ఠంగుమంటే వచ్చినట్టు. నలుగురు మనుషులు బొంగులు దూర్చి పెనం ఎత్తేవారు. గరిటె ఆయన ఒక్కసారే ముంచేవాడు. రెండోసారి ముంచితే పరువు తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ ఆ ఒక్క ముంపు గురించే చెప్పుకునేవారు. ఆ పరువు కోసం నాన్న ఇంకొంచెం ఆగి, ఇంకొంచెం ఆగి, ఖాయమనుకున్నాకే ముంచేవాడని నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు.

మా అన్న సూరిబాబు నాకంటే మూడేళ్ళు పెద్ద. వాడికి ముంచడం కూడా అక్కర్లేదు. నిజం నిజంలాగే చెప్పుకోవాలి, వాడికి దేవుడిచ్చిన ముక్కు ఉంది. ఒక ఉదయం పక్క పొలం అప్పల్నాయుడు గారు సరదా పుట్టి వాడి కళ్ళకి తువ్వాలు కట్టించి పాక గుమ్మంలో నిలబెట్టారు. పెనం వాడికి పది బారల దూరం. కాసేపటికి వాడు "ఇప్పుడు" అన్నాడు. నాన్న ముంచి, ఉండ చేసి కొడితే ఠంగుమంది. గానుగ దగ్గరున్న వాళ్ళు కూడా వచ్చి వాడి వీపు తట్టారు. నాకు పదకొండేళ్ళు. నాకూ కట్టండని పట్టుబట్టాను. కట్టారు. చీకట్లో నాకు పొగ తప్ప ఏ వాసనా అందలేదు. భయపడి, ఆలస్యమైతే ఏమవుతుందోనని "ఇప్పుడు" అనేశాను. నాన్న ఇంకా నీళ్ళలాగే ఉన్న ఆ రసంలో చెయ్యి పెట్టి తీసినట్టు నటించి, తడి దులుపుకున్నాడు. నవ్వులే నవ్వులు. అప్పల్నాయుడు గారు నా నెత్తి మీద చెయ్యేసి, "ఇది నేర్సుకుంటే వచ్చే ఇద్య కాదే అమ్మా. పుటకతో రావాల. అందులోనూ ఆడగుంటవి" అన్నారు. ఆయన మంచివారే. ప్రేమగానే అన్నారు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంది. ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. ఎప్పటికైనా ఆ గిన్నె నా చేతికి రావాలి, పెనం దింపమనే మాట నా నోటి నుంచి రావాలి.

పొయ్యి వెనక మా మామ్మ, అంటే నాన్న తల్లి, మూడు రాళ్ళు పెట్టుకుని వేన్నీళ్ళు కాచుకునేది. ఆ రాళ్ళ మీద చెవి విరిగిన మూకుడు పెట్టి, రోజూ గానుగ తొట్టి అడుగున మిగిలిన రెండు చెంబుల రసం తెచ్చి కాచడం మొదలుపెట్టాను. మొదటి రోజు మాడింది. రెండో రోజు మాడింది. తరవాత పాకం తీగలు సాగింది, ఇసకలా రాలింది, మైనంలా అంటుకుంది, ఒకరోజు పొంగి పొయ్యినే ఆర్పేసింది. తప్పినదంతా మా గేదెకి పెట్టేదాన్ని. ఆ ఏడు అది తిన్నంత బెల్లం ఏ గేదే తిని ఉండదు. నేను ఏడుస్తూ కూర్చుంటే మామ్మ చుట్ట నోట్లోంచి తీసి, "మాడితే ఏటైందే? మూకుడు తోము. రేపు మల్లీ ఎట్టు" అనేది. అంతకు మించి ఒక్క మంచి మాట చెప్పేది కాదు. వాసన నాకు అందదని తేలిపోయింది కాబట్టి నేను బుడగలు చూశాను. చేప కళ్ళలాంటి బుడగలు ఎప్పుడు వస్తాయి, అవి ఎప్పుడు పగిలి ఆవిరి చిమ్ముతాయి, రంగు తేనె నుంచి ఇటిక వైపు ఎప్పుడు తిరుగుతుంది, ఇవన్నీ రెండు చలికాలాలు చూశాను. ఒక్కసారి ముంచితే నాకు తెలిసేది కాదు. అయిదుసార్లు ముంచేదాన్ని. అయిదోసారికి తెలిసేది.

నా పదమూడో ఏట మాఘమాసంలో ఒక ఉదయం నాన్నకి జ్వరం. అన్న నర్సీపట్నంలో సినిమాకని ముందురోజే పోయి ఇంకా రాలేదు. పెనంలో ఉన్నది అప్పల్నాయుడు గారి రసం. నాన్న కంబళి కప్పుకుని కొంచెం దూరంలో మంచం మీద కూర్చుని, నా వైపు చూసి, గిన్నె నా చేతికిచ్చాడు. అయిదుసార్లు ముంచుతుంటే గానుగ దగ్గర కుర్రాళ్ళు ఒకటి, రెండు అని లెక్కపెట్టారు. ఉండ మోగినా నమ్మక, నేను నేర్చుకున్నట్టే, నేను చూసిన రంగు వచ్చేదాకా ఆగి, దింపమన్నాను. పెనం దిగేసరికే ఘాటు వాసన కొట్టింది. మాడిపోయింది. నేను రెండేళ్ళూ కాచిన రసం కొత్తగా నాటిన తోటది. ఆ రోజుది కార్శి తోటది, అంటే నరికిన మోడుల నుంచి మళ్ళీ మొలిచిన చెరకుది. దానికి పాకం ముందే వచ్చేస్తుందని నాకు తెలియదు. అప్పల్నాయుడు గారు నల్లబడ్డ పెనంలోకి చూసి, "సెప్పినాను కదా" అన్నారు. అప్పుడు నాన్న కంబళి తీసేసి లేచి వచ్చాడు. "మాడ్సింది నాను. పెనం కాడ నానున్నాను. గుంటనేటీ అనకండి నాయుడు గారూ" అన్నాడు. పరువు కోసం రెండోసారి గరిటె ముంచని మనిషి ఊరందరి ముందూ ఆ మాట అన్నాడు.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే నా కాలు పట్టి కదిపాడు. "లెగు. ఇయ్యాల కూడా కార్శి తోటే. నిన్న ఎక్కడ తప్పిందో నువ్వే సూసుకుందువుగాని."

నేను రానన్నాను. నాకు పుట్టుకతో రాలేదు, అన్నకే వచ్చింది, నన్నొదిలెయ్యమని దుప్పటి ముసుగు పెట్టేశాను. నాన్న అక్కడే కూర్చుని ముసుగు లాగి, చొక్కా చెయ్యి పైకి తోసి, దీపం వెలుగులో మోచేతి దాకా ఉన్న పాత కాలిన మచ్చలు నాకు చూపించాడు. "నాను మాడ్సిన పెనాలు నీకెవుడు సెప్తాడే? సూసినోల్లంతా పోనారు" అన్నాడు. లేచి ఆయన వెంట నడిచాను.

ఇన్నేళ్ళలో నాకు ఎవరు ఏ పుస్తకంలోది చెప్పినా ఆ మాట ముందు నిలబడలేదు. వీడు పుట్టు విద్వాంసుడు, వీడికి సహజంగా వచ్చింది అని ఎవరి గురించి విన్నా, వాడు మాడ్చిన పెనాలు చూసినవాళ్ళు ఎక్కడికి పోయారా అని వెతుకుతాను. ఒకప్పుడు నాకు పుట్టుకతో రాలేదని చెప్పి నన్ను పెనం దగ్గరకి రానివ్వలేదు. ఇప్పుడు పుట్టుకతో వచ్చిందని చెప్పి ఇన్నేళ్ళ నా పనిని మా నాన్న ఖాతాలో వేసేస్తున్నారు. రెండు మాటలూ ఒక్కటే. మధ్యలో నేను చేసింది ఎవరికీ అక్కర్లేదు. నా రెండు చేతుల మీదా మచ్చలున్నాయి. అవి రక్తంలోంచి రాలేదు, పాకం చింది వచ్చాయి.

అన్నకి ఆ పని విసుగు. గుమ్మంలోంచే తెలిసిపోయే వాడికి పెనం పక్కన పొగలో గంటలు గంటలు కూర్చోవాలంటే ఎందుకు కూర్చుంటాడు? లారీ ఎక్కి యలమంచిలి, పాయకరావుపేట దాటి దేశం మీద పడ్డాడు, మంచి డ్రైవరయ్యాడు, సంతోషంగా బతికాడు. నాన్న కళ్ళకి శుక్లాలు కమ్మి బుడగలు కనిపించడం మానేశాక గిన్నె నా చేతికొచ్చి, నా చేతిలోనే ఉండిపోయింది. దగ్గర ఊరి మనిషినే చేసుకున్నాను. ఆయన గానుగ చూసుకుంటారు, నేను పెనం చూసుకుంటాను. పెళ్ళయిన కొత్తలో ఆడమనిషి వండిన బెల్లమని పెదవి విరిచినవాళ్ళే ఇప్పుడు తుని నుంచి వచ్చి, కొత్త అమావాస్య బూరెలకి ఈ బెల్లమే కావాలని ముందుగా చెప్పి పోతారు.

ఈ చలికాలం మా వైపు మండుతున్నది మా పొయ్యి ఒక్కటే. ఎడ్ల గానుగ పోయి ఇంజను వచ్చింది. బెండ కాడలు నలగ్గొట్టేవాళ్ళు లేరు. వేరే చోట్ల వండేవాళ్ళు బెల్లం తెల్లబడే పొడి కొని పోస్తారు, నేను మాత్రం పెరట్లో బెండ వేసుకుంటాను. మూడు రాళ్ళ పొయ్యి ఉన్నచోట మోటారు షెడ్డు ఉంది. మామ్మ లేదు, నాయుడు గారు లేరు, నాన్న లేడు. నేను మాడ్చిన ఆ పెనం చూసినవాళ్ళూ దాదాపు అందరూ పోయారు. అందుకే కాబోలు, నాక్కూడా పుట్టుకతో వచ్చేసింది.

పోయిన వారం అన్న వచ్చాడు. మోకాళ్ళ నెప్పులు, స్టీరింగు వదిలేశాడు. పాక గుమ్మంలో మంచం వేయించుకుని కూర్చున్నాడు. నేను నాలుగోసారి ముంచుతుండగా వెనక నుంచి, "వచ్చేసింది సెల్లీ, దింపు" అన్నాడు. నేను అయిదోసారి ముంచాను. అంచుకేసి కొట్టాను. ఠంగుమంది. వాడి మాటే నిజం, ఎప్పుడూ నిజమే. వాడి ముక్కు మీద నాకు ఇప్పటికీ అసూయే. ఆరిన దిమ్మ అంచు విరిచి వాడి చేతిలో పెట్టాను. నోట్లో వేసుకుని, "అచ్చం నాన్న బెల్లమే" అన్నాడు.

వదిలెయ్యొచ్చు. పెద్దవాడు, ప్రేమగా అన్నాడు. కానీ ప్రేమగా అన్న మాటలు నేను చాలా మోశాను.

"కాదన్నయ్యా. మల్లీ తిని సెప్పు" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. ఇంకో ముక్క వేసుకుని, చిన్నప్పుడు తువ్వాలు కట్టించుకున్నట్టే కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు చప్పరించాడు.

"నాన్న బెల్లంలో సివర్న పిసరంత సేదుండేది. ఇందులో నేదు. ఇది నీదే" అన్నాడు.

గిన్నె తోముకోవడానికి లేచాను. ఆ పిసరంత చేదు ఉండకూడదనే నేను పాకం రాకముందు నుంచే మొదలుపెట్టి అయిదుసార్లు ముంచేది.